బొటనవేలి మందం

ఐదయింది. గడియారం చూడక్కర్లేదు, రోడ్డవతల దెబోరా బండి మీద మొదటి వాయి నూనెలో పడింది. ముప్పై ఐదేళ్ళు రాయి కొట్టిన చెవులివి, సగం వినబడవని మా ఆవిడ ఉమామహేశ్వరమ్మ రోజూ సాధిస్తుంది, పక్కన లారీ హారన్ కొట్టినా తిరిగి చూడనని ఊరంతా చెబుతుంది, కానీ శనగపిండి తొడుక్కున్న మిరపకాయ నూనెలోకి జారే చప్పుడు మాత్రం నాకు ఒక్కరోజు కూడా తప్పిపోలేదు. సుయ్‌మంటుంది. నిమిషానికి వాసన వస్తుంది, ముందు వాము, దాని వెనక పచ్చిమిరప ఘాటు, అన్నిటికంటే వెనకగా కాగిన శెనగనూనె. రానీ. ఎంత వస్తుందో రానీ. ఆళ్ళగడ్డలో ఈ రోడ్డు పొడుగునా శిల్పాల షెడ్లే, అందులో మద్దిలేటి ఆచారి షెడ్డు ఏదంటే అదిగో ఆ బజ్జీల బండి ఎదురుగా అని చూపిస్తారు జనం, అంతగా కలిసిపోయాం నేనూ ఆ బండీ. అయినా నేను ఈ షెడ్డు దాటను. ఆరు దాకా దాటను. మూడున్నర నెలలుగా రోజూ ఈ గంటతో కుస్తీ పడుతున్నాను, ఒక్కరోజు కూడా అది నన్ను కింద పడెయ్యలేకపోయింది. ఈరోజు మాత్రం దానికి బలం ఎక్కువగా ఉంది, ఎందుకంటే ఎదురుగా వినాయకుడు కూర్చుని ఉన్నాడు, ఆయన వంక చూడటానికి నాకు మొహం చెల్లడం లేదు.

మూడడుగుల వినాయకుడు, నల్లరాయి. సంజామల దగ్గర పల్లె నుంచి దాసరయ్య అనే శనగ రైతు ఊరి తరఫున చెప్పిపోయిన విగ్రహం. ఇంకా కళ్ళు తెరిపించలేదు. మా పనిలో కళ్ళు అన్నిటికంటే చివర, ప్రతిష్ఠ రోజు పొద్దున బంగారు సూదితో తెరిపిస్తాం, అంతదాకా అది రాయే, దండం పెట్టకూడదు, నైవేద్యం పెట్టకూడదు. అంటే ఈ షెడ్డులో ఇద్దరం ఉన్నాం, ఇద్దరికీ పొట్టలున్నాయి, ఇద్దరమూ తినకూడదు. నీకూ నాకూ ఈ గంట ఒకటే స్వామీ అని నెల నుంచి ఆయనతో చెప్పుకుంటూనే ఉన్నాను. నిన్నటిదాకా బాగానే సాగింది మా స్నేహం. నిన్న సాయంత్రం ఐదుంపావుకు ఆయన పొట్ట మీద నేను బొటనవేలి మందం ఎక్కువ తీసేశాను. అంతే, బొటనవేలి మందం. తెలియనివాళ్ళు ఏముందిలే అంటారు. కానీ వినాయకుడికి ముందు పొట్ట కనబడాలి, ఆ తర్వాతే తొండం, ఇప్పుడు పక్కనుంచి చూస్తే పదిరోజులు జ్వరం పడి లేచినవాడిలా కూర్చున్నాడు. మట్టి పనివాడు తప్పుచేస్తే ఇంకాస్త మట్టి మెత్తుతాడు, వడ్రంగి ఒక చెక్కముక్క తాపుతాడు, మాకు తీసేయడం ఒక్కటే వచ్చు, తీసింది మళ్ళీ పెట్టడం ఏ తాతా నేర్పలేదు. దాసరయ్య ఆరింటికి వస్తున్నాడు. పొట్ట దాకా వచ్చిందంటివి కదప్పా, ఒగసారి కండ్లారా సూసిపోతా అని పొద్దున ఫోన్ చేశాడు. కోవెలకుంట్ల మీదుగా బస్సులో ఉండి ఉంటాడు ఈపాటికి.

ఇంకో వాయి. ఈసారి పెద్దది, చప్పుడు బట్టి చెప్పగలను, పన్నెండో పదమూడో పడి ఉంటాయి. దెబోరా ఈ బండి పెట్టి ఇరవై ఏళ్ళు. మొదటిరోజు మొదటి వాయిలోంచి నాలుగు బజ్జీలు కాగితంలో చుట్టి, ఉప్పు సరిపోయిందో లేదో చెప్పన్నా అని తెచ్చి ఇచ్చింది. సరిపోయింది. ఆ ముక్క చెప్పడానికి నాకు నాలుగూ పట్టాయి. అప్పట్నుంచి రోజూ ఐదింటికి నేను అడక్కుండానే నాలుగు బజ్జీలు రావడం, నేను ఉప్పు చూడటం. అలసంద వడలు వేసిన రోజు అవి రెండు అదనం, ఎండాకాలమైతే ఉల్లిపాయ, కారం కలిపిన బొరుగులు. ఆదివారం చర్చికని ఆమె బండి పెట్టకపోతే నాకు ఏమీ తోచక అప్పట్లో నా దగ్గరున్న పనివాళ్ళ మీద అరిచేవాణ్ణి. ఇదంతా మా నాయన నుంచి వచ్చిన అలవాటు. ఆయన రోజుల్లో బండి లేదు, మా అమ్మ ఐదింటికి ఉగ్గాని చేసి సత్తుగిన్నెలో తెచ్చేది, నానిన బొరుగుల మీద పుట్నాలపొడి ఇంత ఎత్తున చల్లి, ఆయన సుత్తి కిందపెట్టి, చేతులు కడుక్కొని, గోడకానుకొని కూర్చుని తినేవాడు. తిన్నాకే మళ్ళీ ఉలి. ఆకలితో ముఖం చెక్కితే దేవుడు ఏడుపుమొహం పెడతాడ్రా అనేవాడు. ఆ గంటలో రాయిని ముట్టనిచ్చేవాడు కాదు నన్ను. తన తిండి కోసం కనిపెట్టుకున్న శాస్త్రమని నేను లోపల నవ్వుకునేవాణ్ణి. నిన్న ఐదుంపావు దాకా నవ్వుకున్నాను.

మూడున్నర నెలల కిందట, ఒక మధ్యాహ్నం, కొలిమి దగ్గర ఉలులు పదును పెట్టుకుంటున్నాను. మొన ఎర్రగా కాల్చి, సాగగొట్టి, నీళ్ళలో ముంచి పక్కన పెడతాం, ఏది ఎంతసేపటికి పట్టుకోవచ్చో చేతికే తెలుస్తుంది, ఎవరూ చెప్పక్కర్లేదు. ఎడమచేత్తో ఒకటి తీసుకున్నాను. ఏమీ అనిపించలేదు. కాసేపటికి ఏదో మాడుతున్న వాసన. ఎవరింట్లోనో పొయ్యి మీద కూర మరిచిపోయారనుకున్నాను. తీరా చూసుకుంటే మాడుతున్నది నా బొటనవేలు. ఉలిని విడిపిస్తే తోలు దానితోపాటే వచ్చింది, అప్పటికీ నొప్పి లేదు, నొప్పి లేదని తెలిసి అదే వేలిని ఇంకోసారి నొక్కి చూసుకున్నాను. రాయి కొట్టేవాడికి కుడిచెయ్యి ఉత్త కూలిమనిషి, సుత్తి ఎత్తుతుంది, దించుతుంది. అసలు పనివాడు ఎడమచెయ్యి. ఉలి ఎంత లోతుకు దిగిందో, రాయి లోపల గట్టిగా ఉందో గుల్లగా ఉందో, ఇక చాలు ఆపమని ఎప్పుడు చెప్పాలో ఆ వేళ్ళకే తెలుసు. ఆ వేళ్ళు నాతో మాట్లాడటం ఎప్పుడు మానేశాయో నేను గమనించనే లేదు. బజ్జీల్లో ఉప్పు చూసుకుంటూ కూర్చున్నాను.

మా అమ్మాయి వర్షిణి నంద్యాలలో ఒక ల్యాబులో పనిచేస్తుంది. అదే నన్ను డాక్టరు దగ్గరికి లాక్కుపోయింది. కళ్ళు మూసుకోమని ఆయన గుండుసూది తీశాడు. ఎప్పుడు గుచ్చుతారు సార్ అని అడిగాను. మూడుసార్లు గుచ్చానన్నాడు. ఒక చల్లటి చెంచా ఆనించాడు, ఒక వేడి చెంచా ఆనించాడు, నాకు రెండూ ఒకటే. తొంభై నాలుగు కిలోలు. చక్కెర అంకె ఆ కాగితం మీద ఎర్రగా అచ్చయింది. కొంత రాయి కోసే మిషన్ అదురు వల్ల, ఎక్కువ చక్కెర వల్ల, మందులిస్తాను, పది కిలోలు తగ్గండి, తగ్గితే స్పర్శ తిరిగి రావచ్చు, రాకపోనూవచ్చు, తగ్గకపోతే మాత్రం మిగిలింది కూడా పోతుంది అన్నాడు. అంతవరకూ బాగుంది. చివర్లో ఇంకోమాట అన్నాడు, మీలాంటి చేతిపనివాళ్ళు ఒక నెల నోరు కట్టుకుంటారు, రెండో నెల మానేస్తారు అని, నా మొహం చూసి కూడా కాదు, కంప్యూటరు చూసి. నాకు మండింది. సరే సారూ అని పైకి అన్నాను, మెట్లు దిగుతూ వర్షిణితో చెప్పాను.

"పదికి పదకొండు తగ్గుతా సూడు. ఆయప్పను ఆ కంప్యూటర్‌లో రాసిపెట్టుకోమను."

"బస్టాండు కాడికి పోయేలోపల రెండు బజ్జీల బండ్లుండాయి నాయనా. ముందు అవి దాటు."

దాటాను. రెండో బండి దగ్గర కొంచెం నెమ్మదిగా నడిచిన మాట నిజమే, కానీ దాటాను. ఇంటికొచ్చి మా ఆవిడకు విషయం చెబితే ఆమె నేరుగా రోడ్డు దాటి దెబోరా దగ్గరికి పోయింది. ఏం చెప్పిందో తెలియదు. మర్నాడు ఐదింటికి కాగితం పొట్లం రాలేదు, దెబోరా వచ్చింది ఉత్త చేతులతో, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

"నీకింగ పంపితే నా బండెత్తి వక్కిలేరు వాగులో ఏస్తానన్యాది వదినె. నేనేం చేసేదన్నా?"

"పంపద్దు. నేనడిగినా పంపద్దు. ఏడ్చినా పంపద్దు."

"ఏడుస్తావా ఏందీ?" అని నవ్వింది. ఏడవలేదు నేను. ఎన్నిసార్లో దగ్గరికొచ్చాను గానీ ఏడవలేదు. ఇంట్లోకి ఒక తూకం వచ్చింది, మా ఆవిడ నా అన్నాన్ని కంసాలి బంగారం తూచినట్టు తూస్తుంది, వర్షిణి నా ఫోన్లో ఏదో పెట్టింది, తిన్నది చెబితే అది క్యాలరీలు చెబుతుంది, రోజుకు పద్నాలుగు వందలు దాటకూడదు. ఒక మిరపకాయ బజ్జీ ఎంత అని మొదటిరోజే అడిగాను దాన్ని. నూట యాభై అంది. నాలుగు కొట్టుకో, ఆరువందలు, ఇరవై ఏళ్ళు కొట్టుకో అనుకుని ఫోన్ జేబులో పెట్టేశాను. పొద్దున నాకు ఇబ్బంది లేదు, మధ్యాహ్నం లేదు, జొన్నరొట్టె, పప్పు, గోరుచిక్కుడు, పెట్టింది తిని లేస్తాను. అంతా ఈ ఒక్క గంటతోనే. దీన్ని ఆకలి అనను నేను. ఆకలైతే ఇదిగో ఈ డబ్బాలో మా ఆవిడ పెట్టిన పెసలున్నాయి, నానబెట్టి, ఉప్పూ నిమ్మకాయా పిండి, పక్కన దోసకాయ ముక్కలు, ఇవి తింటే ఆకలి తీరిపోతుంది, ఐదు కాగానే తిన్నాను కూడా. కడుపు చాలంటుంది. నాలుక మాత్రం ఇంతేనా అంటుంది. దీని దుంప తెగ, ఇరవై ఏళ్ళ పాటు రోజూ ఒకే గంటకు ఒకే చోట కూర్చోబెట్టి మేపాను దీన్ని, ఇప్పుడు ఆ గంటకు వచ్చి తలుపు కొట్టకుండా ఎట్లా ఉంటుంది.

ఎనభై ఐదున్నర ఉన్నాను ఈరోజు పొద్దున. ఎనిమిదిన్నర కిలోలు పోయాయి. నెలకు మానేస్తాడన్న డాక్టరు మొన్న పోతే కాగితం రెండుసార్లు చూశాడు. చక్కెర అంకె నల్లగా మారింది. ఇంకా గుచ్చితే తెలియడం లేదు గానీ, అప్పుడప్పుడూ చూపుడువేలు చివర చీమ పాకినట్టుంటుంది, అది వస్తున్నట్టా పోతున్నట్టా అని అడిగితే చెప్పలేం, చూద్దాం అన్నాడు. చూద్దామంటే నేను ఎప్పటిదాకా చూడాలి? ఒక్క గుండ్రం కొట్టడానికి వేలు కావాలి నాకు, వినాయకుడి పొట్ట కంటే పెద్ద గుండ్రం మా పనిలో లేదు.

నిన్న జరిగింది ఇదీ. నాలుగున్నర నుంచే మనసు బండి మీదికి పోతోంది. వర్షిణికి ఫోన్ చేశాను. చేతులు పనిలో పెట్టు నాయనా, నోరు దానంతటదే ఊరకుంటాది అంది. మంచి సలహానే, ల్యాబులో పనిచేసేవాళ్ళకు మంచి సలహా. మా నాయన ఆ గంటలో ఉలి ఎందుకు ముట్టనిచ్చేవాడు కాదో దానికి తెలియదు, తెలిసిన నాకు గుర్తు రాలేదు. ఐదింటికి పొట్ట దగ్గర కూర్చున్నాను. కొట్టాను. అక్కడ వాయి పడ్డప్పుడల్లా ఇక్కడ దెబ్బ పడింది, బాగుంది, నిజంగానే నోరు ఊరుకుంది, ఇదేదో దొరికిందే మంత్రం అనుకుని ఇంకా కొట్టాను, ఐదుంపావుకు ఆగి, పొట్ట వంపుకు కత్తిరించుకున్న అట్ట అచ్చు పెట్టి చూస్తే పొట్టకూ అచ్చుకూ మధ్య నా బొటనవేలు దూరేంత సందు. ముప్పై ఐదేళ్ళలో ముక్కు విరిగింది, వేలు ఊడింది, ఒకసారి గరుత్మంతుడి రెక్క సగం రాలిపడింది, అవన్నీ రాతి తప్పులు. ఇట్లా కొలత మీరి తీసేయడం నాకు లేదు. పొద్దున లేచిన దగ్గర్నుంచి ఒకటే ప్రశ్న తిరుగుతోంది బుర్రలో. తప్పు చేసింది ఎవరు? బజ్జీల మీద పోయిన మనసా? లేక చాలు ఆపు అని చెప్పాల్సిన వేళ్ళు చెప్పలేదా? మనసైతే పరవాలేదు, దాన్ని తిట్టుకోవచ్చు, కట్టేసుకోవచ్చు, రేపట్నుంచి బుద్ధిగా ఉంటాను. వేళ్ళైతే ఈ షెడ్డు మూసుకోవాలి. ఎనిమిదిన్నర కిలోలు తగ్గి ఏం లాభం అప్పుడు, నూట యాభై చొప్పున ఇన్ని సాయంత్రాలు మానేసి ఏం లాభం, హాయిగా తిని పోయేవాణ్ణి కదా.

ఇదిగో, ఇదే ఈ గంట వేసే ఎత్తు. హాయిగా తిని పోయేవాణ్ణి అనిపిస్తుంది చూడు, అది నేను అంటున్న మాట కాదు, ఐదున్నరకు నాలుక అనే మాట. గొంతు నాదే, అందుకే నమ్మాలనిపిస్తుంది. ఎట్లాగూ వేళ్ళు పోయాయి, ఎట్లాగూ పొట్ట పోయింది, ఎట్లాగూ దాసరయ్య తిట్టబోతున్నాడు, ఒక్కటి తిను, ఒక్కటంటే ఒక్కటి, మధ్యకు చీల్చి ఉల్లిపాయ ముక్కలు కూరి, నిమ్మకాయ పిండి, పైన కాస్త కారం చల్లి ఇస్తుంది దెబోరా, కాగితం అంతా నూనె పాకి పారదర్శకంగా అయిపోతుంది, పాత పరీక్ష పేపర్ల మీద పిల్లల లెక్కలు కనబడతాయి అందులోంచి. వర్షిణి చిన్నప్పుడు ఆ లెక్కలు చదివి తప్పులు దిద్దేది. బడి బస్సు దిగగానే పుస్తకాల సంచితో పరిగెత్తుకుంటూ ఇక్కడికే వచ్చేది, నాలుగింట్లో ఒకటి దానిది, అందులో మిరపకాయ నాది, పై పిండి దానిది. ఆ పిల్ల ఇప్పుడు నాకు క్యాలరీలు చెబుతోంది. తిననమ్మా. నీ మీద ఒట్టు పెట్టుకునేంత చేతకానివాణ్ణి కాదు, ఒట్టు లేకుండానే తినను. వాసన వస్తోంది, బాగుంది, ఇంత బాగున్న వాసన ఆళ్ళగడ్డ మొత్తంలో లేదు, ఒప్పుకుంటున్నాను, ఒప్పుకుని కూడా తినను. విన్నావా స్వామీ, నీకైతే కళ్ళు తెరిస్తే తిండి వస్తుంది, కుడుములూ ఉండ్రాళ్ళూ గంపలతో వస్తాయి, నాకు కళ్ళు తెరిచే ఉన్నాయి, ఎదురుగా పళ్ళెం నిండా పెట్టుకుని కూర్చుంది దెబోరా, నేను చూస్తూ తినను. మనిద్దరిలో ఎవరిది గట్టి ప్రాణమో తేల్చుకుందాం.

పావు తక్కువ ఆరు. ఒక పని పొద్దుట్నుంచి వాయిదా వేస్తున్నాను, ఇక వెయ్యలేను. లేచి వెళ్ళి కళ్ళు మూసుకుని పొట్ట మీద ఎడమచెయ్యి పెట్టాను. వేళ్ళు బతికి ఉంటే తప్పు కొట్టిన చోటు వాటంతటవే ఆగాలి. పైనుంచి కిందికి జరిపాను. చల్లగా ఉందో లేదో తెలియలేదు. అరచేతికి గరుకు తెలిసింది, అరచెయ్యి ఎప్పుడూ బాగానే ఉంది, దానితో నాకు పని లేదు. చూపుడువేలి చివర ఒకచోట ఏదో దిగినట్టు, ఎక్కడో చాలా దూరాన దిగినట్టు అనిపించింది. అక్కడ ఎర్ర జేగురుతో గుర్తు పెట్టి కళ్ళు తెరిచాను. గుర్తు సరిగ్గా తప్పు అంచునే పడింది. సంతోషపడబోయాను. కానీ రోజంతా చూస్తూనే ఉన్న తప్పు అది, కళ్ళు మూసుకున్నా ఎక్కడుందో మనసుకు తెలుసు, వేలు చెప్పిందో నేనే చెప్పించుకున్నానో. బొటనవేలు మాత్రం ఏమీ చెప్పలేదు. కాలిన చోట కొత్త తోలు వచ్చి నున్నగా, ఎర్రగా మెరుస్తోంది, దానికి రాయి తగిలిందో గాలి తగిలిందో తెలియలేదు. మళ్ళీ పీట మీద కూర్చున్నాను. దాసరయ్యకు ఏం చెప్పాలి? చెప్పడానికి ఒక మాట ఉంది, మా పనిలో అందరికీ తెలిసిన మాట, రాతిలో చార వచ్చిందని. లోపల ఒక తెల్లటి చార, అది పోయేదాకా తీయాల్సి వచ్చింది, ఏం చేస్తాం. రాయి ఎదురు చెప్పదు. మా నాయన కూడా ఒకటి రెండుసార్లు చెప్పి ఉంటాడు. నేను చెప్పను. ఇన్ని సాయంత్రాలు ఈ నోటిని ఇంత కష్టపడి కట్టేసింది దాని చేత అబద్ధం చెప్పించడానికి కాదు. జేగురు ముంచి కొలతలు వేయడం మొదలుపెట్టాను, పొట్ట మీద కాదు, మిగతా అంతటా.

ఆరు కాకముందే వచ్చాడు దాసరయ్య. సన్నటి మనిషి, తెల్ల పంచె, భుజం మీద తువ్వాలు, చేతిలో ఒక కాగితం పొట్లం. ఆ పొట్లం ఏ బండిదో నాకు చెప్పక్కర్లేదు. పోయినసారి, నేను నోరు కట్టుకోకముందు, వచ్చినప్పుడు ఇద్దరం కలిసి ఇక్కడే కూర్చుని తిన్నాం, మనిషి మర్చిపోలేదు.

"ఏందప్పా, సగమైపోయినావ్?" అన్నాడు నన్ను చూసి. ఆ తర్వాత వినాయకుణ్ణి చూశాడు. ఎదురుగా చూశాడు, పక్కకు పోయి చూశాడు, తల వంచి ఇంకోసారి చూశాడు. "ఈయప్ప కూడా తగ్గినట్టుండాడే?"

"తప్పు కొట్టినా అన్నా."

"రాయిలో చారేమన్నా వచ్చిందా?"

నేను వెతుక్కోకుండానే అబద్ధం తెచ్చి నా చేతిలో పెట్టాడు మహానుభావుడు. అవునంటే చాలు. బొట్టు పెట్టినట్టు సరిపోతుంది.

"రాయి బంగారట్లుండాది. తప్పు నాదే. మనసు ఆ బండి మీదుండె, చెయ్యి పొట్ట మీదుండె. బొటనేలు మందం ఎక్కువ తీసినా."

ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. బస్సు ఒకటి పోయింది. నేనే చెప్పాను, పొట్ట పెంచడానికి లేదు కాబట్టి మిగతాదంతా తగ్గిస్తాను, కాళ్ళు, రొమ్ము, తొండం, తల అన్నీ అంతే మందం లోపలికి పోతాయి, ఇదిగో గీతలు, అప్పుడు పొట్ట దానంతటదే ముందుకొస్తుంది, విగ్రహం మాత్రం రెండంగుళాలు ఎత్తు తగ్గుతుంది, ఒప్పుకోకపోతే కొత్త రాయి ఎక్కిస్తాను, ఇంకో రెండు నెలలు పడుతుంది అని. ఎర్రగీతలు ఒక్కొక్కటే వేలితో తడుముతూ చూశాడు.

"ఎత్తు కొలిచేటోడు మా ఊర్లో ఎవుడూ లేడు. పొట్ట మాత్రం పొట్ట మాదిరుండాల."

"ఉంటాది."

"మల్లా నీ మనసు బండి మీదికి పోతే?"

"పోతాది. రోజూ పోతాది. ఇంగ ఐదు నుంచి ఆరు దాకా ఉలి ముట్టను. కూసోని దాంతో కొట్లాడతా, ఆరు దాటినాక కొడతా."

దాసరయ్యకు నవ్వొచ్చింది. "దీనికింత కొట్లాటెందుకప్పా, ఒగటి తినేసి కొట్టు. మా శనగల పిండే." నా కుడిచేతిలో జేగురు కుంచె ఉంది. పొట్లం విప్పి, తొడిమ పట్టుకుని ఒక బజ్జీ తీసి, నా ఎడమచేతి వేళ్ళ మీద పెట్టాడు.

వద్దని చెప్పడానికి నోరు తెరిచాను. చూపుడువేలి చివర ముందు చురుక్కుమంది. చీమ కాదిది. తర్వాత నడిమివేలు. నేను బజ్జీ వంక చూస్తూ నిలబడ్డాను, దాని మీద నూనె మెరుస్తోంది, బొటనవేలు దాన్ని పైనుంచి పట్టుకుని ఉంది, ఎర్రగా, నున్నగా, కొత్త తోలుతో, మూడున్నర నెలలుగా ఒక్కమాట మాట్లాడని వేలు. నేను దాన్ని అడగలేదు. నాకు ముందుగా ఏమీ తెలియదు, ఎవరూ ఏమీ చెప్పలేదు, కళ్ళు చెప్పింది కాదు, మనసు చెప్పించుకుంది కాదు. లోపల ఎక్కడో, ఎముక పక్కన, మొదట వెచ్చగా, తర్వాత వేడిగా, తర్వాత భరించలేనంతగా మండటం మొదలైంది. నిన్న ఐదుంపావుకు తప్పు చేసింది నా మనసే. ఉత్త తిండిపోతు మనసు. వేళ్ళు కాదు, నా వేళ్ళు కాదు, వేళ్ళు వస్తున్నాయి. కళ్ళ వెంబడి నీళ్ళు కారిపోయాయి, ఏడుస్తావా ఏందీ అన్న దెబోరా మాటే నిజమైంది, రోడ్డవతల నుంచి ఆమె చూస్తూనే ఉంది, చూడనీ.

"కాలుతాందప్పా! కింద పడెయ్," అన్నాడు దాసరయ్య కంగారుగా. "యాలట్ల పట్టుకోనుండావ్? తింటే తిను, లేకుంటే పడెయ్."

తినను. పడెయ్యను.

"కాలనీ అన్నా," అన్నాను. "ఇంగ రవ్వంతసేపు కాలనీ."